కాయిల్ చుట్లు ఆనుకోవాలా, ఎడంగా ఉండాలా?

ఈ-సిగరెట్‌కి పెట్టే ఆర్‌టీఏలో (కాయిల్ మనమే చుట్టి పెట్టుకునే ట్యాంకులో) సొంతంగా కాయిల్ చుట్టుకునేవాళ్ళకి మొదటి తలనొప్పి హాట్ స్పాట్లు. బటన్ నొక్కితే కాయిల్ అంతా ఒక్కలా ఎర్రబడాలి. అలా కాకుండా ఒక్క చుట్టు ముందే భగ్గుమంటే, కాయిల్‌కి ద్రవం అందించే దూది అక్కడ మాడిపోతుంది, ఆ మాడు రుచి పొగలోకి వస్తుంది. కొందరు చుట్లు దగ్గరికి నొక్కమంటారు, కొందరు విడదీయమంటారు. నన్నడిగితే, తీగ ఏదో తెలియకుండా ఈ సలహాలు ఇవ్వకూడదు.

కాంథాల్ అయితే ఆనించడమే మేలు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన ఈ మిశ్రమలోహం స్వీడన్‌లో పుట్టింది. ఎర్రగా కాలితే పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. అందుకే చుట్లు ఆనుకుని ఉన్నా కరెంటు పక్క చుట్టులోకి దూకకుండా తీగ పొడవునా వెళ్తుంది. కొత్త తీగ మీద పొర ఇంకా సరిగా ఉండదు కాబట్టి మొదట్లో హాట్ స్పాట్లు మామూలే. దూది పెట్టకముందే, తక్కువ వాట్లలో కొద్దిసేపు నొక్కి వదులుతూ ఉండండి. బటన్ వదిలాక సిరామిక్ పట్టకారుతో చుట్లను దగ్గరికి అదమండి, లేదా వీణ తీగలు మీటినట్టు చుట్ల మీదుగా ఒకసారి గీయండి. కాసేపటికి ఎరుపు మధ్యలో మొదలై రెండు పక్కలకీ పాకుతుంది. అది సరైన కాయిల్.

316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలుతో ఇదే పని చేస్తే చిక్కు. దాని మీద కట్టే క్రోమియం ఆక్సైడ్ పొర పలచన, అంతగా నమ్మలేం. పైగా స్టీలు తీసుకునేది ఎక్కువగా టెంపరేచర్ కంట్రోల్ కోసమే కదా. వేడెక్కేకొద్దీ నిరోధం ఎంత పెరిగిందో చూసి మోడ్ (బ్యాటరీ, బటన్ ఉండే పెట్టె) వేడిని లెక్కగడుతుంది. చుట్లు ఒకసారి తగిలి ఒకసారి తగలకపోతే ఆ లెక్కే తప్పుతుంది. పవర్ ఉన్నట్టుండి పడిపోతుంది, మీరు బ్యాటరీని అనుమానిస్తారు. స్టీలుకి చుట్ల మధ్య ఎడం ఉండటమే మంచిది.

ఎడంగా చుట్టడంలోనూ బాధలున్నాయి. దూది దూర్చేటప్పుడు కాయిల్ వంకరపోతుంది. సందులు ఒక్కలా లేకపోతే ఎంత మీటినా హాట్ స్పాట్ పోదు. దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది: రెండు తీగల్ని పక్కపక్కన పెట్టి కలిపి చుట్టి, తర్వాత ఒకదాన్ని స్క్రూ విప్పినట్టు మెల్లిగా తిప్పి తీసేయండి. సరిగ్గా తీగ మందమంత సందు మిగులుతుంది. ఇక చోటు సంగతి. 28 గేజ్ తీగని 2.5 మి.మీ. కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే కాంథాల్ సుమారు 1.1 ఓమ్‌లు వస్తుంది, స్టీలు అందులో సగమే. నిరోధం పెంచాలంటే చుట్లు పెంచాలి, ఎడంతో కాయిల్ ఇంకా పొడవవుతుంది. చిన్న డెక్‌లో (కాయిల్ కూర్చునే పీఠంలో) అది పట్టదు.

అసలు కాయిల్ తప్పే కాని సందర్భాలు చాలా ఉంటాయి. చుట్ల కంటే ముందు కాళ్ళు (కాయిల్ రెండు కొసల తీగ) ఎర్రబడితే వాటిని బిగించే పోస్టు స్క్రూ వదులుగా ఉందన్నమాట, లేదా కాళ్ళు మరీ పొడవు. నిరోధం అంకె ఎగిరెగిరి పడుతుంటే స్క్రూ బిగించి, కాయిల్ డెక్‌కి ఎక్కడైనా తగులుతోందేమో చూడండి. ఈ పరీక్షలన్నీ షార్ట్ పట్టుకుని ఆపేసే రెగ్యులేటెడ్ మోడ్ మీదే చేయాలి, అలాంటి రక్షణ లేని మెకానికల్ మోడ్ మీద వద్దు.

బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉండి ఇది చదివేవాళ్ళు ఇంటికొచ్చేటప్పుడు సామాను సూట్‌కేసులో పెట్టుకోకండి. 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల దిగుమతి, అమ్మకం, నిల్వ భారత్‌లో నేరం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా ఓటు ఆనించిన కాంథాల్‌కే, టెంపరేచర్ కంట్రోల్ లేకుండా వాట్ల లెక్కన. ఇప్పటికే స్టీలుని ఆనించి చుట్టేసి, అది ఒక్కలా ఎర్రబడుతుంటే పీకేయక్కర్లేదు. టెంపరేచర్ కంట్రోల్ ఆపేసి వాడుకోండి.