ఫొటోలు కలపడం నేర్చుకోవాలంటే ఏది మేలు: ఫొటోషాపా, గింపా, ఫొటోపీయా?

పోయిన శ్రావణంలో మా ఎదురింటి పిన్ని రెండు ఫొటోలు పట్టుకొచ్చింది. ఒకటి గాజువాకలో కట్టుకున్న కొత్తింటి గృహప్రవేశం నాటిది, గుమ్మం ముందు తనొక్కతే నిలబడి దిగింది. రెండోది బాబాయిది. ఆయన పోయి ఆరేళ్లయింది, ఎప్పుడో స్టూడియోలో తీయించుకున్న నిలువు ఫొటో, అంచులు పసుపెక్కిపోయాయి. "ఆయన్ని నా పక్కన నిలబెట్టగలవా బాబూ, ఇల్లు ఇల్లని ఎక్కువ తాపత్రయపడింది ఆయనే" అంది.

ఇలాంటి పని వైజాగ్‌లో ఏ స్టూడియోకైనా వస్తూనే ఉంటుంది. పోయిన తాతగారిని మనవరాలి పెళ్లి ఫొటోలోకి తేవాలి, ఓడ మీద డ్యూటీలో ఉన్న కొడుకుని చెల్లెలి నిశ్చితార్థం ఫొటోలో చేర్చాలి. ఈ పని నేర్చుకుంటామని మా వీధిలో డిగ్రీ పిల్లలు కూడా వస్తుంటారు, అందరూ మొదట అడిగేది ఒకటే, అన్నా ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమంటావు అని. అందుకే పిన్ని ఫొటోని పనిగట్టుకుని మూడింటిలోనూ మొదట్నుంచి చివరిదాకా చేసి చూశాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి రెండు నెలలు ఫొటోపీ. ఆ తర్వాత స్టూడియోలో పనికి చేరాలనుకుంటే ఫొటోషాప్, సొంతానికి చేసుకుంటూ నెలనెలా డబ్బు కట్టడం కుదరదనుకుంటే గింప్. ఎందుకో తెలియాలంటే ముందు మాస్క్ సంగతి చెప్పాలి.

కొత్తలో అందరి చెయ్యీ ఎరేజర్ మీదకే పోతుంది. మనిషి చుట్టూ ఉన్న గోడని రుద్ది చెరిపేస్తే కింద లేయర్‌లో, అంటే అడుగున పరిచిన ఇంకో ఫొటో పొరలో, ఉన్న బీచ్ కనపడుతుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ చెరిపిన పిక్సెల్, అంటే ఫొటోలోని చుక్క, పోయిందంతే, ఫైల్ సేవ్ చేసి మూసేస్తే అన్‌డూ కూడా ఉండదు. నేను ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల కోర్సు చేశాను. టూల్‌బాక్స్‌లో పైనుంచి కిందికి ఒక్కో టూలూ చెప్పుకుంటూ పోయారు, మాస్క్ దాకా రాకుండానే కోర్సు అయిపోయింది. దాంతో ఏడాది పాటు ఎరేజర్‌తోనే పని చేశాను, ఒక పెళ్లికూతురి బుట్టకమ్మ సగం చెరిగిపోయిన సంగతి మర్నాడు ప్రింట్ చేతికొచ్చాక గానీ చూసుకోలేదు, ఆ ఫొటో అంతా మళ్లీ మొదటికొచ్చింది.

మాస్క్ అయితే ఆ భయం లేదు. లేయర్ పక్కన ఇంకో చిన్న తెల్ల గడి వస్తుంది, దాని మీద నల్ల బ్రష్ తిప్పిన చోట ఫొటో దాక్కుంటుంది, తెల్ల బ్రష్ తిప్పితే మళ్లీ బయటికొస్తుంది, బూడిద రంగైతే సగం సగం కనిపిస్తుంది. పిక్సెల్ ఒక్కటీ పోదు. ఆరు నెలల తర్వాత ఫైల్ తెరిచినా బాబాయి చెవి అంచు సరిచేయొచ్చు. ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది, లేయర్లు మాత్రం 1994లో మూడో వెర్షన్‌తో గానీ రాలేదు. అంటే అంతకుముందు చేసినవాళ్లు ఇదంతా ఒకే పొర మీద చేసుకునేవాళ్లు. మనకి ఆ ఇబ్బంది లేదు కాబట్టి మొదటి రోజు నుంచే మాస్క్ పట్టుకోవాలి. నేను మూడింటినీ తూచింది కూడా ఈ ఒక్క లెక్కతోనే: మాస్క్‌ని ఎవరు తేలిగ్గా అలవాటు చేస్తారు, మధ్యలో ఎవరు అడ్డం పడతారు.

ఫొటోపీ బ్రౌజర్‌లో నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, అకౌంట్ అడగదు, పక్కన ప్రకటనలు కనిపిస్తాయి అంతే. ఇవాన్ కుట్‌స్కిర్ అనే ప్రోగ్రామర్ 2013లో మొదలుపెట్టింది ఇది. బ్రౌజర్ అనగానే మన ఫొటోలు ఎక్కడికో పోతాయేమోనని చాలామంది జంకుతారు, ఆడపిల్లల ఫొటోలు ఇచ్చేవాళ్లు మరీనూ. ఇందులో ఫైల్ మన కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుంది, పనంతా అక్కడే జరుగుతుంది, సర్వర్‌కి పంపదు. పైగా మెనూలు, షార్ట్‌కట్లు దాదాపుగా ఫొటోషాప్‌వే. బ్రష్‌కి బి, రంగులు తారుమారు చేయడానికి ఎక్స్, లేయర్ల పెట్టె అడుగున మాస్క్ బొమ్మ, అన్నీ అక్కడివే. ఫొటోషాప్ సొంత ఫార్మాట్ పీఎస్‌డీగా సేవ్ చేసి స్టూడియోకి పట్టుకెళ్తే ఫొటోషాప్‌లో లేయర్లతో సహా తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకునే పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి.

దీని కష్టమల్లా బరువు దగ్గర. పెళ్లి ఆల్బమ్ షీట్ 12 అంగుళాలు బై 36 అనుకోండి, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అది 3600 బై 10800 పిక్సెల్స్ అవుతుంది, దాని మీద పది పదిహేను లేయర్లు పడేసరికి బ్రౌజర్ ఆయాసపడుతుంది. ఇంకొకటి, సేవ్ చేయకుండా పొరపాటున ట్యాబ్ మూసేస్తే పనంతా పోతుంది, కరెంటు పోయే వేళల్లో పది నిమిషాలకొకసారైనా పీఎస్‌డీ దించుకోవాలి.

గింప్ మీద నాకు గౌరవం ఎక్కువ. 1995లో బర్క్‌లీ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది, ఈరోజుకీ పైసా తీసుకోకుండా నడుస్తోంది, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలోనూ పని చేస్తుంది. నా దగ్గరున్న 4 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో, నెట్ లేకపోయినా, పిన్ని ఫొటో ఇందులో హాయిగా అయింది. అయినా కొత్తవాళ్లకి మొదట ఇది ఇవ్వను. కారణం, మూడు చోట్ల ఇది నేర్చుకునేవాణ్ణి ఆపేస్తుంది, ఎందుకు ఆగామో అర్థం కాదు.

మొదటిది, జేపీజీ తెరిచి ఏదైనా చెరిపితే అవతల లేయర్ కనపడాల్సిన చోట తెల్లరంగు పడుతుంది. ఆ లేయర్‌కి పారదర్శకత లేదు, లేయర్ మెనూలోకెళ్లి ఆల్ఫా ఛానల్ చేర్చాలి. రెండోది, లేయర్ చుట్టూ పసుపు గీతలు కనిపిస్తాయి, ఆ గీత దాటి బ్రష్ ఎంత తిప్పినా ఏమీ పడదు. నా దగ్గరికొచ్చే ఒక కుర్రాడు అరగంట సేపు మౌస్ పాడైందనుకుని దాన్ని పీకి పెట్టాడు, చివరికి చూస్తే లేయర్ చిన్నది, కాన్వాస్, అంటే మొత్తం బొమ్మ పరిచిన చోటు, పెద్దది. లేయర్‌ని ఇమేజ్ సైజుకి పెంచితే సరిపోయింది. మూడోది, సేవ్ కొడితే ఎక్స్‌సీఎఫ్ అనే సొంత ఫార్మాట్‌లోనే సేవ్ అవుతుంది, వాట్సాప్‌లో పంపడానికి జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అని విడిగా చేయాలి. తెలిశాక ఇవేవీ కష్టాలు కావు. తెలియని మొదటి వారంలోనే పిల్లలు వదిలేసి పోతారు, నా బాధ అది. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో చాలా మారింది. ఫిల్టర్లు వేశాక కూడా వెనక్కెళ్లి మార్చుకోవచ్చు, పాతదానిలో ఆ వెసులుబాటు లేదు. పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఏ వెర్షన్ గురించి చెప్తున్నారో ముందు చూసుకోండి.

మనిషిని వెనకున్న గోడ నుంచి విడదీయడంలో ఫొటోషాప్‌ని కొట్టేది లేదు. సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే పిన్ని రెండు సెకన్లలో విడిగా వచ్చేసింది. గింప్‌లో ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ టూల్‌తో అదే పనికి ఇరవై నిమిషాలు పట్టింది. కానీ దగ్గరికి జూమ్ చేసి చూశాను. జడలో మల్లెపూలు సగం గోడతో పాటే పోయాయి, భుజం మీద పల్చటి పైట అంచు కొరుక్కుపోయినట్టుంది, దాని గుండా కనపడాల్సిన వెనక రంగు ఇంకా పాత గోడదే. ఇవన్నీ చేత్తో మాస్క్ మీద చిన్న బ్రష్ పెట్టి దిద్దాల్సిందే. ఆ చెయ్యి ముందే తిరిగి ఉన్నవాడికి ఫొటోషాప్ వరం, ఒక్క నొక్కుతో వచ్చిందే పని అనుకునేవాడు మాత్రం అక్కడే ఆగిపోతాడు.

ఖర్చు సంగతి. 2013 నుంచి కొత్త వెర్షన్లకి ఒకసారి కొనుక్కోవడమనేది లేదు, చందా కట్టాలి. ఏడు రోజులు ఉచితంగా ఇస్తారు, ఆ ఏడు రోజుల్లో ఏదీ రాదు. కంప్యూటర్‌కి కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి, 16 ఉంటే మంచిదని ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీ వాళ్లే చెప్తారు. లాప్‌టాప్ కొన్నప్పుడు దొంగ కాపీ వేసిచ్చేవాళ్లుంటారు, దయచేసి వేయించుకోకండి. అందులో ఏ వైరస్ ఉంటుందో తెలియదు, చేతిలో ఉన్నవేమో కస్టమర్ల ఇంటి ఫొటోలు.

ఫొటో మీద తెలుగులో పేరు రాయాలంటే ఇంకో చిక్కుంది. మన ఫ్లెక్సీ షాపుల్లో చాలావరకు ఇంకా అను ఫాంట్లే, అవి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఒకే అక్షరాల పద్ధతి, కావు. ఫోన్‌లో టైప్ చేసిన యూనికోడ్ తెలుగుని ఫొటోషాప్‌లో అతికిస్తే, దక్షిణాసియా భాషల సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఒత్తులు విడిపోతాయి, విశాఖపట్నంలో ట కింద ఉండాల్సిన న పక్కకొచ్చి నిలబడుతుంది. గింప్‌లో మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వేసుకుంటే ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ఒత్తులు కుదురుగా పడతాయి. గృహప్రవేశం కార్డులు, పుట్టినరోజు బ్యానర్లు చేసేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ఫోన్ యాప్‌ల గురించి రెండు ముక్కలు. వాట్సాప్ స్టేటస్‌కి చాలు. స్నాప్‌సీడ్‌లో డబుల్ ఎక్స్‌పోజర్‌తో రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి వేయొచ్చు, బావుంటుంది కూడా. కానీ నాలుగు అంగుళాల ప్రింట్ తీసి చూస్తే జుట్టు అంచుల్లో పనితనం తేలిపోతుంది, వేలితో దిద్దడం నాకైతే కుదరలేదు.

ఇక ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టనిది వెలుగు. పిన్ని మీద ఎండ కుడివైపు నుంచి పడింది, బాబాయి స్టూడియో లైటు ఎడమవైపుది. తేలికైన దారి అని బాబాయిని అడ్డంగా తిప్పేశాను, వెలుగు కుదిరింది. పిన్ని చూడగానే "ఆయన పాపిడి ఇటు కాదు నాయనా" అంది. అప్పుడు చూశాను, చొక్కా జేబు కూడా కుడి వైపుకి పోయింది. మళ్లీ మామూలుగా తిప్పి, వెలుగు చీకట్లు మార్చే కర్వ్స్‌తో ఒక కాపీని చీకటి చేసి మాస్క్‌తో ఎడమ చెంప మీద మాత్రమే ఉంచి, ఇంకో కాపీని వెలుగు చేసి కుడివైపు ఉంచాను. ఫొటోపీలో అయినా గింప్‌లో అయినా ఇదే పద్ధతి. కాళ్ల కింద నీడ మర్చిపోతే మనిషి గాల్లో తేలినట్టుంటాడు, అది కూడా వేరే లేయర్‌లో మెత్తటి నల్ల బ్రష్‌తో వేశాను.

బీచ్ ఫొటోల్లో అయితే ఇంకో లెక్క ఉంది. ఆర్కే బీచ్‌లో నిలబడి కంటి ఎత్తులో కెమెరా పెట్టి తీస్తే సముద్రం చివరి గీత, మీ అంత ఎత్తున్న వాళ్లందరికీ, దగ్గరున్నా దూరమున్నా, కళ్ల దగ్గరే వస్తుంది. మనం వేరే ఫొటో నుంచి తెచ్చి పెట్టిన మనిషికి అదే గీత నడుము దగ్గర వచ్చిందంటే, మనిషి రాక్షసుడిలా కనిపిస్తాడు, ఎందుకో చూసేవాళ్లు చెప్పలేకపోయినా ఏదో తేడా ఉందని మాత్రం పట్టేస్తారు. సైజు సరిచేసుకోవడానికి ఆ గీతనే కొలతగా పెట్టుకోండి. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, సాయంత్రం ఊరి వైపు ఉంటాడు, ఈ రెండు వేళల ఫొటోలు కలిపితే నీడలు ఒకదానికొకటి ఎదురుపడతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఆదివారం పొద్దున్నే బీచ్‌కి వెళ్లి, ఫోన్‌ని రోడ్డు పక్క గోడ మీద కదలకుండా నిలబెట్టి, స్నేహితుణ్ణి ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి నిలబెట్టి రెండు ఫొటోలు తీయండి. ఇంటికొచ్చి ఫొటోపీలో ఒకదాని మీద ఒకటి వేసి, పైదానికి మాస్క్ చేర్చి, నల్ల బ్రష్ తీసుకుని అవతలి వైపు రుద్దండి. వెలుగు ఒకటే, నీడ ఒకటే, సముద్రం గీత కూడా ఒకటే కాబట్టి సెలెక్షన్ కూడా చేయక్కర్లేదు, మాస్క్ ఒక్కటే పని.