కొలిజన్ సింథ్: బటన్ మీద పేరు కాదు, ఓవర్‌టోన్ల వరస చూసి ఎంచుకోండి

సంగీతం తయారుచేసే ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్ సూట్ ఎడిషన్‌లో ఉండే కొలిజన్‌ని చాలా ఏళ్లుగా వాడుతున్నాను. 2009లో లైవ్ 8తో వచ్చింది. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన అప్లైడ్ అకౌస్టిక్స్ సిస్టమ్స్‌తో కలిసి తయారుచేసినది. ఇందులో శాంపిళ్లు (ముందే రికార్డు చేసిన ధ్వనులు) ఒక్కటి కూడా ఉండవు. ఒక వస్తువును కొడితే అది ఏయే పౌనఃపున్యాల దగ్గర, ఎంతసేపు కంపిస్తుందో అప్పటికప్పుడు లెక్కగట్టి వినిపిస్తుంది. దీనితో వచ్చే ప్రీసెట్లు (సిద్ధంగా ఇచ్చే అమరికలు) బాగానే ఉంటాయి కానీ అవి వింటే దీని సత్తాలో సగం కూడా తెలియదు. ఖాళీ ప్యాచ్ (సొంతంగా చేసుకునే ధ్వని అమరిక) నుంచి మొదలుపెట్టిన వాళ్లకే ఇది వశమవుతుంది.

లోపలి అమరిక చిన్నదే. కొట్టేవి రెండు: మాలెట్, నాయిస్. మోగేవి రెండు: రెసొనేటర్ 1, రెసొనేటర్ 2. ఒక్కో రెసొనేటర్‌కి బీమ్, మరింబా, స్ట్రింగ్, మెంబ్రేన్, ప్లేట్, పైప్, ట్యూబ్ అని ఏడు రకాలు. రెండింటినీ సమాంతరంగా పెట్టుకోవచ్చు (1+2), లేదా మొదటిదాని ధ్వనిని రెండోదానిలోకి పంపవచ్చు (1>2).

ముందు మాలెట్ సంగతి. ఎక్కువ మంది వెలాసిటీని (కీని ఎంత గట్టిగా నొక్కామన్న విలువను) వాల్యూమ్‌కి మాత్రమే కట్టి వదిలేస్తారు. అలా చేస్తే గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా నాదం ఒకటే, పరిమాణమే మారుతుంది. వేగంగా వాయిస్తే వెంటనే యంత్రంలా వినిపిస్తుంది. నిజమైన వాయిద్యంలో గట్టిగా కొట్టినప్పుడు పుల్లకూ పలకకూ మధ్య స్పర్శ సమయం తగ్గుతుంది, అందుకే ధ్వని పదునెక్కుతుంది. ఇక్కడ ఆ పని చేసేది స్టిఫ్‌నెస్. దాన్ని 30–40% దగ్గర ఉంచి, కిందున్న వెల్ (వెలాసిటీ ప్రభావం) విలువను పైకి పెంచండి. తర్వాత హిట్ దగ్గరున్న ర్యాండమ్‌ను కొద్దిగా తెరవండి. ఏ రెండు దెబ్బలూ ఒకే చోట పడవు కాబట్టి వరసగా పదహారు నోట్లు కొట్టినా చెవి విసుగుచెందదు. ఈ రెండు మార్పులకే ప్యాచ్ సగం బతుకుతుంది.

హిట్, లిజనింగ్ ఈ వాయిద్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. హిట్ అంటే దెబ్బ పడే చోటు, లిజనింగ్ అంటే కంపనాన్ని వినే చోటు. రెండింటిలోనూ 0% అంటే నడిమధ్య, విలువ పెరిగేకొద్దీ అంచువైపు. తీగను సరిగ్గా మధ్యలో మీటితే 2, 4, 6 లాంటి సరి హార్మోనిక్‌లు (మూలస్వరానికి పూర్ణ గుణిజాలైన పై స్వరాలు) మోగవు, ఎందుకంటే మధ్య బిందువు వాటికి నిశ్చల స్థానం. హిట్ 0%లో ఉండి, లిజనింగ్ ఎడమ, కుడి కూడా 0%లో ఉంటే ధ్వని బోలుగా, మొద్దుగా వస్తుంది. అప్పుడు చాలామంది బ్రైట్ పెంచుతూ పోతారు. అక్కడ లేని ఓవర్‌టోన్లను (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలను) బ్రైట్ తెచ్చిపెట్టలేదు. హిట్‌ను 25–30%కి జరిపి, లిజనింగ్‌నూ మధ్య నుంచి పక్కకు తీయాలి, అంతే. స్టీరియో వెడల్పు కూడా ఇక్కడే దొరుకుతుంది: ఎడమ లిజనింగ్ 35%, కుడి 60% పెడితే ఒక్కో చెవికి ఓవర్‌టోన్ల పాళ్లు వేరుగా అందుతాయి. కోరస్ వేసి తెచ్చే వెడల్పుకన్నా ఇది సహజంగా ఉంటుంది, మోనోలో విన్నా చెడేది తక్కువ.

రెండు చివరలూ స్వేచ్ఛగా ఉన్న కడ్డీలో మూలస్వరపు నిశ్చల బిందువులు ఒక్కో చివర నుంచి పొడవులో 22.4% దగ్గర ఉంటాయి. మరింబా (పుల్లలతో కొట్టే కొయ్య పలకల వాయిద్యం) పలకలకు తాడు పోనిచ్చే చోటు అదే. మధ్య నుంచి అంచుకు కొలిస్తే అది సుమారు 55%. బీమ్ ప్యాచ్‌లో హిట్ ఆ పరిసరాల్లో ఉన్నప్పుడు అడుగు స్వరం సన్నబడితే అందులో తప్పేమీ లేదు. మోత కావాలంటే మధ్యకు లాగండి, గంటలాంటి పై స్వరాలు కావాలంటే అక్కడే ఉంచండి.

ఇక శీర్షికలో చెప్పిన మాటకు వస్తాను. మృదంగం నాదం కావాలని మెంబ్రేన్ ఎంచుకున్నవాళ్లు ఎంత తిప్పినా అది రాదు. కొలిజన్ మెంబ్రేన్ దీర్ఘచతురస్రాకారపు చర్మం. దాని ఓవర్‌టోన్లు హార్మోనిక్ వరసలో ఉండవు. గుండ్రటి మామూలు చర్మంలోనూ అంతే, మూలస్వరాన్ని 1 అనుకుంటే 1, 1.59, 2.14, 2.30 అని పోతాయి. అందుకే డోలుకు స్పష్టమైన శ్రుతి ఉండదు. మృదంగం కుడివైపు మధ్యలో వేసే నల్లని పూత ఈ వరసను సరిచేసి, మొదటి కొన్ని ఓవర్‌టోన్లను 1, 2, 3, 4, 5 దగ్గరకు తెస్తుంది. సి.వి. రామన్ దీన్ని 1920లోనే ప్రకటించి, 1934లో వివరంగా రాశారు. అంటే లెక్కప్రకారం మృదంగం కుడివైపు చర్మంకన్నా తీగకే దగ్గర. కాబట్టి రెసొనేటర్ 1లో స్ట్రింగ్ పెట్టండి. క్వాలిటీని బేసిక్‌లో ఉంచండి, లెక్కించే ఓవర్‌టోన్లు తగ్గుతాయి, ఇక్కడ మనకు కావలసిందీ అదే. మెటీరియల్‌ను బాగా కిందికి దించితే పై స్వరాలు ముందే ఆరిపోతాయి. డికే (ధ్వని ఆరిపోయే సమయం) చిన్నది. 1+2 అమరికలో రెసొనేటర్ 2కి మెంబ్రేన్ ఇచ్చి, చాలా పొట్టి డికేతో, తక్కువ వాల్యూమ్‌లో కలిపితే వేలు తగిలిన చర్మం ధ్వని వస్తుంది. హిట్‌ను అంచువైపు జరిపితే మూలస్వరం వెనక్కి తగ్గి మీటులాంటి పదును, మధ్యకు తెస్తే నిండైన మోత.

ఎడమవైపుకు వేరే ప్యాచ్ కావాలి. అక్కడ మెంబ్రేనే సరిపోతుంది. గుంకి (స్వరం జారే ఎడమచేతి మోత) కోసం పిచ్ ఎన్వలప్‌ను కొన్ని సెమీటోన్లు కిందినుంచి మొదలుపెట్టి, పావు సెకను లోపు అసలు స్వరానికి చేరేలా ఇవ్వండి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: అనుభవం ఉన్న మృదంగ విద్వాంసుల చెవికి ఇది మృదంగం కాదు. ఒకే చర్మం మీద ఒక వేలు ఆనించి మరో వేలితో కొట్టే మార్పును ఈ నమూనా లెక్కించదు. నేపథ్య సంగీతంలో, ఎలక్ట్రానిక్ ట్రాకుల్లో వాడుకోవడానికి మాత్రం శ్రుతి కలిసే మంచి తాళధ్వని దొరుకుతుంది.

జలతరంగానికీ అదే పద్ధతి. పింగాణీ గిన్నె అనగానే ప్లేట్ వైపు చెయ్యి పోతుంది. అలాంటి గిన్నెలో ప్రధాన కంపనాలు సుమారుగా 4, 9, 16 నిష్పత్తిలో, అంటే 1, 2.25, 4 దగ్గర పడతాయి. స్వేచ్ఛగా ఉన్న కడ్డీ వరస 1, 2.76, 5.40. కాబట్టి బీమ్ తీసుకుని ఇన్‌హార్మ్‌ను సున్నా కిందికి దించితే వరస దగ్గరకు ముడుచుకుంటుంది. ఎంత దించాలో చెవే చెప్పాలి. స్టిఫ్‌నెస్ 70% పైన, మెటీరియల్ కాస్త పైకి, ఆఫ్ డికే 0%, అంటే కీ వదిలినా గిన్నె మోగుతూనే ఉండాలి. నీటిని తాకించి పలికించే గమకానికి మిడి ట్యాబ్‌లో పిచ్ బెండ్‌ను రెండు సెమీటోన్ల పరిధికి కట్టుకుంటే చాలు.

1>2 అమరికలో ఒక చిక్కు ఉంది. మొదటి రెసొనేటర్ పలకని పౌనఃపున్యాలను రెండోది పలికించలేదు. రెండింటి వరసలూ కలవకపోతే ధ్వని పేలవంగా, బలహీనంగా వస్తుంది. రెండూ ఒకే శ్రుతిలో కలిస్తే స్థాయి ఒక్కసారిగా ఎగిసి క్లిప్ అవుతుంది, అంటే ధ్వని పగులుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రయోగాలు చేసేటప్పుడు వెనక లిమిటర్ (స్థాయిని హద్దు దాటనివ్వని ఎఫెక్ట్) తప్పనిసరి. ముఖ్యంగా నాయిస్ సస్టెయిన్ తెరిచి, డికే పొడవుగా ఉన్నప్పుడు శక్తి పేరుకుంటూ పోతుంది. ఈ అమరికకు చక్కటి ఉదాహరణ మరింబా. మొదటిదానిలో మరింబా, రెండోదానిలో ఓపెనింగ్ మూసిన పైప్. మరింబా పలక 1, 4, 10 దగ్గర పలుకుతుంది, ఒక చివర మూసిన గొట్టం 1, 3, 5 దగ్గర. మూలస్వరం ఒక్కటే బాగా కలుస్తుంది కాబట్టి అదే ఉబ్బి, కింద గొట్టాలు తగిలించిన నిజమైన మరింబా నిండుదనం వస్తుంది. ఓపెనింగ్, రేడియస్ మారిస్తే శ్రుతి జరగవచ్చు, ట్యూనర్ పెట్టి ట్యూన్, ఫైన్‌లతో సరిచేసుకోండి.

ఇక్కడి అనుసంధానం ఒకవైపే సాగుతుంది. రెండోది మొదటిదాన్ని తిరిగి కదిలించదు. అదే సంస్థ విడిగా అమ్మే క్రోమాఫోన్‌లో జతచేసిన రెసొనేటర్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. అవసరం అదే అయితే దాన్ని చూడండి. వేణువు, నాదస్వరం కోసమైతే రెండూ వద్దు. పైప్‌లోకి నాయిస్ ఊదితే గాలి ధ్వని వస్తుంది తప్ప, పెదవికీ గొట్టానికీ మధ్య నడిచే తిరుగు ప్రభావం ఈ నమూనాలో లేదు. గట్టిగా ఊదితే పై స్థాయికి దూకడం ఇందులో జరగదు. 1994లో యమహా వీఎల్1 సింథ్ ఆ దారిలో చేసిన పని వేరే రకం.

సీపీయూ భారానికి మందు రీట్రిగ్. పొడవైన డికేతో గుడిగంటలాంటి ప్యాచ్ వాయిస్తుంటే ఒకే నోటుకు పాత వాయిస్‌లు (ఒకేసారి మోగే ధ్వనులు) ఆరకుండానే కొత్తవి పుడుతుంటాయి. రీట్రిగ్ వేస్తే పాతది ఆగి అదే మళ్లీ మొదలవుతుంది. వాయిస్‌లను 8కి తగ్గించి, క్వాలిటీని ఫుల్ బదులు మిడ్‌లో పెట్టి పోల్చి చూడండి. తీగల్లో, పలకల్లో తేడా కొంత తెలుస్తుంది, పొట్టి దెబ్బల్లో దాదాపు తెలియదు. పైప్, ట్యూబ్‌లకు క్వాలిటీ వర్తించదు, బ్లీడ్ (అసలు దెబ్బ ధ్వనిని కొంత కలిపే నియంత్రణ) కూడా ఉండదు.

సూట్ ఉన్నవాళ్లు పక్కనే ఉన్న కార్పస్‌నీ తీసి చూడాలి. ఇవే ఏడు రెసొనేటర్లు ఆడియో ఎఫెక్ట్ రూపంలో ఉంటాయి. ఫోన్‌తో రికార్డు చేసిన కొయ్యబల్ల మీది వేళ్ల దెబ్బల్ని అందులోకి పంపి, మిడి సైడ్‌చైన్‌తో (వేరే ట్రాకులోని నోట్లతో) శ్రుతి ఇస్తే, మాలెట్‌లో ఎంత తిప్పినా రాని చేతి లయ బీమ్ నాదంతో కలిసి వస్తుంది. ఘటానికి నాకు దొరికిన మెరుగైన దారి ఇదే: మట్టికుండ మీద నిజంగా వేళ్లతో కొట్టి, దాన్ని శ్రుతి చేసిన కార్పస్‌లోకి పంపి, డ్రై ధ్వనిని సగానికి పైన ఉంచుకోవడం.