మీ కరెన్సీలో కడతారా అంటే వద్దనండి

హోటల్ గది ఖాళీ చేస్తున్నారు, బిల్లు 200 యూరోలు. కౌంటర్‌లో ఉన్నాయన కార్డు పెట్టి మెషీన్ మీ వైపు తిప్పుతాడు. తెర మీద రెండు వరుసలు. ఒకటి 200 యూరోలు, రెండోది అదే మొత్తం మీ దేశపు కరెన్సీలో. తెలిసిన లెక్క కదా అని వేలు రెండోదాని మీదికే పోతుంది. జేబుకు చిల్లు పడేది అక్కడే.

దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. డబ్బు మార్చేది మీ బ్యాంకు కాదు, వ్యాపారి తరఫున చెల్లింపు నడిపే సంస్థ (ప్రాసెసర్). రేటులో 5 శాతం కలిపేశారనుకోండి, 200 యూరోల మీద 10 యూరోలు ఊరికే పోయినట్టే. పైగా వ్యాపారి విదేశంలో ఉన్నాడని చాలా బ్యాంకులు తమ ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ లావాదేవీల మీద అదనపు రుసుము, కూడా వేస్తాయి. ఒకే బిల్లుకు రెండు కోతలు! ఎప్పుడైనా, ఎక్కడైనా స్థానిక కరెన్సీయే, అంటే మీరున్న దేశపు డబ్బే నొక్కండి.

వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ప్రకారం ఈ ఎంపిక కార్డుదారుడిది. అయినా కొన్నిచోట్ల అడక్కుండా వాళ్లే నొక్కేసి స్లిప్పు చేతిలో పెడతారు. ఇది మోసం, మొహమాటపడకండి. స్లిప్పు మీద మారకం రేటు కనిపిస్తే కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. ఆ లావాదేవీని వాయిడ్ (రద్దు) చేయించి, స్థానిక కరెన్సీలో మళ్లీ కొట్టించండి. వెనక క్యూ గొణుగుతుంది, పక్కవాళ్లు "పోనిద్దూ, టైమైపోతోంది" అంటారు. అననివ్వండి. కుదరదని మొండికేస్తే, స్థానిక కరెన్సీ అడిగినా ఇవ్వలేదని స్లిప్పు మీదే రాసి, ఫొటో తీసుకుని, బ్యాంకులో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి.

ఏటీఎంలోనూ ఇదే వల. మార్పిడి వద్దని నొక్కితే డబ్బు రాదేమోనని భయపడతారు. వస్తుంది, మీ బ్యాంకు రేటుకే వస్తుంది. కాకపోతే నగదుకు క్రెడిట్ కార్డు వాడకండి. ఫీజు సరే, వడ్డీ కూడా మామూలుగా ఆ రోజు నుంచే మొదలవుతుంది. కార్డు పెట్టేచోట ఏదైనా వదులుగా కదిలితే, కార్డు వివరాలు దొంగిలించే పరికరం అతికించి ఉండొచ్చు, ఆ మెషీన్ వదిలేయండి.

హోటళ్లు, అద్దె కార్లవాళ్లు డిపాజిట్ కింద కార్డు లిమిట్‌లో కొంత హోల్డ్‌లో పెడతారు, అంటే మీరు వాడుకోకుండా ఆపి ఉంచుతారు. 3,000 లిమిట్‌లో 1,500 హోల్డ్ పడితే మిగతా ప్రయాణానికి సగమే. డెబిట్ కార్డిస్తే మీ సొంత డబ్బే ఇరుక్కుపోతుంది. హోల్డ్ పడిన కార్డుతోనే చివరి బిల్లు కట్టండి. వేరే కార్డుతో కడితే బిల్లు డబ్బూ పోతుంది, పాత హోల్డ్ కూడా కొన్నాళ్లు అలాగే ఉంటుంది.

దుకాణాల్లో ఫోన్‌తో ట్యాప్ చేయడం మేలు, అసలు కార్డు నంబరు బదులు టోకెన్ అనే మారు నంబరు వెళ్తుంది. కార్డు మీది చిప్ ప్రతిసారీ కొత్త కోడ్ పుట్టిస్తుంది. కార్డు వెనకున్న మాగ్నెటిక్ స్ట్రిప్‌లో సమాచారం మారదు కాబట్టి నకలు తీయడం తేలిక. అందుకే స్వైప్ చేస్తామంటే ఒప్పుకోకండి, కార్డు లోపలికి పట్టుకెళ్తామంటే మెషీన్‌నే బల్ల దగ్గరికి తెమ్మనండి.

బయల్దేరేముందు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టుకోండి. పిన్ గుర్తుండాలి, మనుషుల్లేని టికెట్ మెషీన్లు అదే అడుగుతాయి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. వేర్వేరు నెట్‌వర్కుల (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) కార్డులు రెండు తీసుకుని వేర్వేరు బ్యాగుల్లో పెట్టండి. ఒకటి పోతే ముందు యాప్‌లో లాక్ చేసి, ఆ తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయండి. విదేశాల నుంచి కలిసే ఆ నంబరు కాగితం మీద కూడా రాసుకోండి, పోయేది ఫోనే కావచ్చు.