గుంటూరు కొత్తపేటలో బాబాయికి ఎండోస్కోపీ చేయించాం

మా బాబాయి మిర్చి యార్డులో హమాలీ. సీజన్‌లో పొద్దున్నుంచీ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోస్తాడు, ఒక్కోటి 40 కిలోల వరకూ ఉంటుంది, ఎండలో మోసి మోసి నడుం పట్టేస్తే పరగడుపునే నొప్పి బిళ్ల వేసుకుని మళ్లీ ఎత్తుతాడు. విరేచనం తారులా నల్లగా అవుతోందని పిన్నితో అన్నాడట, ఆవిడ ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. మర్నాడే ఈ క్లినిక్‌కి తీసుకెళ్లాం.

నచ్చనిది ముందు చెప్తా. ఫోన్ చేసినప్పుడు పొద్దున్నే రమ్మన్నారు గానీ ఏమీ తినకుండా రావాలని చెప్పలేదు. బాబాయి రెండు ఇడ్లీలు తిని వచ్చాడు, దాంతో మధ్యాహ్నం 2 దాకా బల్ల మీదే కూర్చోవాల్సి వచ్చింది. నల్ల విరేచనం అంటే లోపల రక్తం కారుతుండొచ్చు, అలా చెప్పిన మనిషికి రాగానే బీపీ అయినా చూడాలి కదా! నేను గట్టిగా అడిగాకే చూశారు. ఇది మాత్రం మార్చుకోవాలి.

డాక్టర్ మాత్రం చాలా మంచాయన. గొంతులో స్ప్రే కొట్టి, కెమెరా ఉన్న సన్న గొట్టం నోట్లోంచి కడుపులోకి దింపి ఐదారు నిమిషాల్లో ముగించారు. తర్వాత తెర మీద బొమ్మ మాకూ చూపించారు: ఎర్రటి తడి పొర, మధ్యలో తెల్లగా గుంట, అదే పుండు, అందులో చిన్న నల్ల మచ్చ. రక్తం కారింది అక్కడేనట. చిటికెడు ముక్క తీసి పసుపు జెల్లీలో పెట్టారు, అది గులాబీ రంగుకి తిరిగితే పుండ్లు చేసే హెలికోబాక్టర్ అనే క్రిమి ఉన్నట్టు. తిరగలేదు.

పిన్నికి అర్థమయ్యేలా ఓపిగ్గా చెప్పారు. కడుపు లోపలి పొర కూడా మన చర్మంలాగే రాలుతూ, కొత్తది పుడుతూ ఉంటుందట, చిన్నపేగులో అయితే 3 నుంచి 5 రోజుల్లోనే పొర మారిపోతుందట. కొత్త కణాలు పుట్టాలంటే రక్తం అందాలి, తిండి తగలాలి. ఎండలో బరువులు మోసేటప్పుడు రక్తం కండలకీ చర్మానికీ మళ్లి కడుపుకి తగ్గుతుంది. దానికి తోడు, పొరని కాపాడే ప్రోస్టాగ్లాండిన్‌ అనే పదార్థం తయారవకుండా నొప్పి బిళ్ల ఆపేస్తుంది. అరిగేది ఎక్కువై పుట్టేది తక్కువైతే గుంట పడక ఏమవుతుంది? ఒళ్లు బాగా కాలినప్పుడూ ఇలాగే లోపలికి రక్తం తగ్గుతుందట, అలాంటి వాళ్లకి పేగు మొదట్లో పుండ్లు పడతాయని కర్లింగ్ అనే లండన్ సర్జన్ 1842లోనే రాశారని కూడా చెప్పారు.

కారం మానేయాలా అని పిన్ని అడిగింది. మా ఇంట్లో అందరూ మిరపకాయనే తిట్టారు మరి. "పుండు చేసింది కారం కాదమ్మా, పుండు మానేదాకా మంట పెట్టకుండా తగ్గించండి చాలు" అన్నారు.

నేనైతే ఆ డాక్టర్ కోసం మళ్లీ వెళ్తా. మీరు వెళ్తే ఎన్ని గంటల ముందు తినడం ఆపాలో ఫోన్‌లోనే అడగండి, జెల్లీ పరీక్షకి విడిగా బిల్లు వేస్తారు, అదీ అడగండి.

8 వారాలకి మందులు రాశారు, నొప్పి బిళ్ల ముట్టుకోవద్దన్నారు, బరువులు కొన్నాళ్లు ఆపమన్నారు. నిన్ననే మళ్లీ యార్డుకి వెళ్లాడు, తెల్లారుజామున పిన్ని పెరుగన్నం కలిపి ఎదురుగా కూర్చుని, పళ్లెం ఖాళీ అయ్యాకే పంపింది.