పాటకు వచ్చేవి, పాటకు రానివి: మా పంచాయతీ మీద ఒక గేదెలావిడ రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తాను: ఐదుకి రెండున్నర. మూడు ఇద్దామనుకున్నాను గానీ పుంత (చేలలోకి పోయే బండి దారిని మావైపు అలా అంటారు) సంగతి గుర్తొచ్చి అర తగ్గించాను.

మాది గోదావరి తూర్పు డెల్టాలో ఒక ఊరు. పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నాకు క్లాసు పీకేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకు మూడు గేదెలు, పుంత చివర ఎకరన్నర చేను. చెరువు రేవు, చెరువు గట్టు, పుంత, కాలువ గట్టు... తెల్లారి లేస్తే నా నడకంతా ఊరుమ్మడి స్థలాల్లోనే. ఇంటి పన్ను బాకీ లేదు. కాబట్టి మాట్లాడే హక్కు ఉందనే అనుకుంటున్నాను. వీధి దీపాలు, మురుగు కాలవలు, పింఛన్లు ఇందులో కలపడం లేదు. అందరిదీ అయిన నేలనీ, నీటినీ, చెట్లనీ పంచాయతీ ఎలా చూసుకుంటోందన్నదే ఈ రివ్యూ.

పూర్తి మార్కులు మంచినీళ్ల చెరువుకి. డెల్టాలో ఉండనివాళ్లకి ఇది అంత పెద్ద పనిగా అనిపించకపోవచ్చు. మాకు ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు ఏప్రిల్‌లో కట్టేస్తారు, మరమ్మతుల కోసం. మళ్లీ వదిలేది జూన్‌లో. ఆ మధ్య రోజుల్లో ఊరు తాగాల్సిన నీళ్లన్నీ ముందే చెరువులోకి తోడుకోవాలి. కట్టేసే తేదీ దగ్గరపడ్డాక తూము తీస్తే కాలువ అడుగున ఉన్న బురదంతా లోపలికొస్తుంది. మా సెక్రటరీ గారు (చిన్నమ్మాయే, మా పెద్దమ్మాయి వయసు) ఉగాది వెళ్లగానే తూము దగ్గర మనిషిని పెడుతుంది. చెరువు చుట్టూ కంచె, గేటుకి తాళం. గేదె తోక కూడా లోపలికి పోదు. ఫిల్టర్ బెడ్ల మీద ఇసక చెక్కి కడిగి మళ్లీ పోయించడం నేను కళ్లారా చూశాను. పక్క ఊళ్లో మే నెల వచ్చిందంటే ట్యాంకర్ల దగ్గర బిందెల కొట్లాట. మాకు ఆ గొడవ లేదు.

ఇక ఊర చెరువు. ఇది చేపల చెరువు, మూడేళ్లకోసారి పాట (వేలం). వారం ముందు టముకు వేయిస్తారు, సచివాలయం గోడకి నోటీసు అంటిస్తారు. ధరావతు (డిపాజిట్) కట్టినవాళ్లే పాడాలి. పోయిన పాటకి నేనూ వెళ్లాను. ఆడవాళ్లం ఇద్దరమే. షరతులు గడగడా చదివేశారు, సగం వినపడలేదు. ధరావతు కట్టింది నలుగురు. అందులో ముగ్గురు నోరు విప్పలేదు. నాలుగో ఆయన కనీస పాట మీద వెయ్యి రూపాయలు పెంచాడు. ఒకటోసారి, రెండోసారి అన్నాక మా వీధి చివరి కుర్రాడు వెనక నుంచి "ఇంకో పదివేలు" అని అరిచాడు. ధరావతు కట్టలేదుగా, చెల్లదన్నారు. మూడోసారి కూడా అనేశారు. నోరు విప్పని ముగ్గురూ సాయంత్రం పాటదారు గారి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ కనపడ్డారు. నేనేమీ అనను.

అయితే పాట పెట్టడం వల్ల మేలూ ఉంది, అది ఒప్పుకోవాలి. పాటకి ముందు ఆ చెరువు నిండా గుర్రపుడెక్కే, నీళ్లు కనపడేవి కావు. పాటదారు కూలీల్ని పెట్టి మొత్తం లాగించాడు. గట్టుకి గండి పడితే రాత్రికి రాత్రే బస్తాలు వేయించాడు. గట్టు మీది కొబ్బరి చెట్లకి వేరే పాట. ఆ కాయలు దింపేరోజు పంచాయతీ మనిషి పక్కనే నిలబడి లెక్క రాసుకుంటాడు. రాలిన మట్ట ఒకటి పొయ్యిలోకి పట్టుకుపోతుంటే మా తోడికోడలిని ఆపేశారు. అంత జాగ్రత్త!

నా పేచీ రేవు దగ్గర. పడమటి రేవులో మా అత్తగారి కాలం నుంచీ గేదెల్ని కడుగుతున్నాం. పాట పాడిన నెలకే అక్కడ ముళ్లకంప పడింది.

"గేదెలు దిగితే నీళ్లు కలకబారి చేపలు నోళ్లు తెరుచుకుని పైకొచ్చేస్తాయి వదినగారూ" అన్నాడు పాటదారు.

"చేపలు నువ్వు పాడుకున్నావు తమ్ముడూ, చెరువు పాడుకోలేదు కదా" అన్నాను.

నవ్వేసి వెళ్లిపోయాడు. కంప అలాగే ఉంది. ట్రాక్టర్లకొద్దీ కోళ్ల ఎరువు గుమ్మరించే మనిషికి గేదె పేడ మీద అంత పట్టింపెందుకో నాకిప్పటికీ బోధపడలేదు. సెక్రటరీని అడిగితే షరతుల కాగితం తీసి చూపించింది. కట్టాల్సిన వాయిదాలు, కట్టకపోతే వడ్డీ, గట్టు బాధ్యత, అన్నీ ఉన్నాయి. రేవు ఊసే లేదు. ఊళ్లో రోజూ చెరువులోకి దిగేవాళ్లని ఎవరినీ అడగకుండా ఆ కాగితం తయారైందని దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. పాట సొమ్ములో కొంత పంచాయతీ ఖాతాలో పడుతుంది, కొంత ఊరుమ్మడి అని గుడి ఖాతాలోకి పోతుంది. అమ్మవారి జాతరకి ఇవ్వడం నాకూ ఇష్టమే. ఎంత ఇచ్చారో కాగితం మీద పెట్టమంటున్నాను, అంతే. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల లెక్క ఈ-గ్రామ్ స్వరాజ్ సైటులో ఎవరైనా చూడొచ్చు. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీళ్లకీ పారిశుధ్యానికే వాడాలన్నారు, మిగతా 40 శాతమే ఊరి ఇష్టం. అది ఫోన్లో చూసుకోగలుగుతున్నాం. మన సొంత చెరువు మీద వచ్చిన రూపాయి మాత్రం ఎటు పోయిందో అరుగుల మీద అడిగి తెలుసుకోవాలి!

ఇప్పుడు పుంత. పటంలో చూస్తే రెండు ఎడ్లబళ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలిగే వెడల్పు. నేల మీద చూస్తే నేనూ నా గేదే పక్కపక్కన నడవలేం. దాన్ని ముందు వదిలి నేను వెనక నడుస్తాను. ఇది ఒక్కరోజులో జరిగింది కాదు, ఒక్కరు చేసిందీ కాదు. ఏటా దమ్ము చేసే ముందు గట్లు సరిచేస్తారు కదా, అప్పుడు పుంత వైపు గట్టుని ఒక పార వెడల్పు చెక్కి చేలో కలిపేస్తారు. అటు వాళ్లు అటు, ఇటు వాళ్లు ఇటు. ఇరవై ఏళ్లు చెక్కితే ఇంకేం మిగులుతుంది?

దీనివల్ల నష్టం ఏమిటో పొలం లేనివాళ్లకి అర్థం కాదు. వరికోత మిషను పుంతలో పట్టదు. పక్క చేలు కోతలయ్యాకే, వాళ్లని బతిమాలుకుని వాళ్ల మడుల్లోంచి మా చేలోకి దింపించాలి. అంటే ఊళ్లో అందరికంటే ఆఖరి కోత మాది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ముందువాళ్ల ధాన్యం బస్తాల్లో ఉంది, మా పంట పడిపోయి నీళ్లలో నానుతోంది. మొలకలొచ్చిన గింజని ఏ రేటుకి అమ్మామో చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది.

సేవ ఎలా ఉందంటే, మొదటి మెట్టు బాగుంది. 2019లో సచివాలయాలు పెట్టాక ఊళ్లోనే సర్వేయరు ఉంటున్నాడు, మండలానికి తిరిగే పని తప్పింది. అర్జీ ఇచ్చాను, కుర్రాడు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) పట్టుకుని వచ్చాడు, కొలిచాడు, సున్నంతో గీతలు కూడా వేశాడు. ఆ గీతలు కొన్నిచోట్ల చేలో ఎంత లోపలికి పోయాయంటే, చూడ్డానికి వచ్చిన రైతులే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆ తరవాత నాలుగు చినుకులు పడ్డాయి, సున్నం కరిగిపోయింది. అక్కడితో ఆగింది.

"భూమి రెవెన్యూది ఆంటీ, నోటీసు తహసీల్దార్ గారివ్వాలి" అంటుంది సెక్రటరీ. "దారి పంచాయతీకి దఖలు పడిందమ్మా, వాళ్లే చూసుకోవాలి" అంటాడు వీఆర్వో. ఇద్దరి బల్లలూ ఒకే హాల్లో, మధ్యలో ఒక బీరువా. నేను ఆ బీరువాకి అటూ ఇటూ తిరుగుతుంటాను.

చివరికి మా తమ్ముడి కొడుకుని కూర్చోబెట్టి అసలు రూలేమిటో చదివించుకున్నాను. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి దారులు పంచాయతీకే దఖలు. పంచాయతీ ఆస్తుల రక్షణకి 2011లో ప్రత్యేకంగా నిబంధనలొచ్చాయి, ఆస్తుల రిజిస్టరు పెట్టి తీరాలి. ప్రభుత్వ భూమి అనుకున్నా 1905 నాటి ఆక్రమణల చట్టం ఉండనే ఉంది, సెక్షన్ 7 కింద నోటీసు, ఆరు కింద ఖాళీ చేయించడం. పైగా సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో, ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీయించే పథకం తయారుచేయమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. అది పంజాబులో పటియాలా జిల్లాలో ఒక ఊరి చెరువు గొడవ. చెరువు పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లని లేపాల్సిందేనన్నారు. ఆ తీర్పు ప్రింటు తీయించి సర్పంచి గారికిచ్చాను. ఆయన మర్యాదస్తుడే. మొదటి పేజీ చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

ఆయన కష్టం నాకు తెలుసు. పుంతకి రెండు వైపులా చేలున్న కుటుంబాల ఓట్లన్నీ కలిపితే 2021లో ఆయన గెలిచిన మెజారిటీ కంటే ఎక్కువే ఉంటాయి. మిగతా ఊరికి పుంతతో పనిలేదు. చెరువుకి పాటదారు ఉన్నాడు, కొబ్బరికాయకి పాటదారు ఉన్నాడు, వాళ్లు డబ్బు కట్టారు కాబట్టి కాపలా కాస్తారు. పుంతని ఎవరు పాడుకుంటారు?

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినప్పుడు మా ఊళ్లోనూ షామియానా వేశారు. ఉపాధి హామీ పనులేం కావాలో చెప్పమన్నారు. పుంతకి గ్రావెల్ రోడ్డు అని రాయించాను, రాసుకున్నారు. కొన్నాళ్లకి ఇంజనీరింగ్ అసిస్టెంట్ టేపు పట్టుకుని వచ్చాడు. కొలిచి, "ఈ వెడల్పుకి ఎస్టిమేట్ వేయడానికి రూల్ ఒప్పుకోదమ్మా" అన్నాడు. ఆక్రమణ తీస్తేనే రోడ్డు వేస్తారు, రోడ్డు వేస్తేగానీ ఆక్రమణ ఆగదు.

మేత పోరంబోకు గురించి పెద్దగా రాయడానికి లేదు. విడతలవారీగా ఇళ్ల స్థలాలకి పోయింది. ఇల్లు లేనివాళ్ల తరవాతే గేదెలు, అందులో నాకు పేచీ లేదు. ఉపాధి హామీలో మా పెరట్లో గోకులం షెడ్డు వచ్చింది, గట్టిగానే కట్టారు. మేపడానికి మాత్రం కాలువ గట్టే గతి. ఇరిగేషన్ లస్కరు చూసీ చూడనట్టు పోతుంటాడు, పుణ్యాత్ముడు.

చెత్త సంపద కేంద్రం షెడ్డు బాగుంది, వర్మీ కంపోస్టు బాగుంది. కనకాంబరాలకి వేశాను, పూసింది. కిలో పది రూపాయలు. కాకపోతే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని వెళ్లాలి.

శ్మశానం గురించి రాయకపోతే రివ్యూ అబద్ధమవుతుంది. మా ఊళ్లో శ్మశానాలు కులానికొకటి. పెద్దకులాలవాళ్ల దానికి సిమెంటు రోడ్డు, షెడ్డు, బోరు, కూర్చునే బల్లలు. పేటవాళ్ల శ్మశానానికి పోవాలంటే వానాకాలంలో మోకాల్లోతు నీళ్లున్న మడుల్లోంచే పాడె మోయాలి. రెండూ అదే పంచాయతీ రిజిస్టరులో, ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. నా చేను పేటవాళ్ల దారి పక్కనే కాబట్టి ఆ మోయడం నాకు కనపడుతుంది. కార్యాలయంలో కూర్చునేవాళ్లకి కనపడదు. ఆ రెండున్నరలో ఇంకో అర కూడా తీసేయాలేమో, చదివేవాళ్లే చెప్పండి.

మీ ఊళ్లో కూడా ఇలాంటి పనికి వెళ్తుంటే నాకు తెలిసింది చెబుతాను. నోటిమాటగా అడగొద్దు, అర్జీ రాసి రసీదు తీసుకోండి. ఆస్తుల రిజిస్టరు చూపించమని అడగండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, నెల రోజుల్లో జవాబివ్వాలి. మాకు అలాగే వచ్చింది. పుంత పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం అన్నీ అందులో ఉన్నాయి, ఎవరో చక్కటి దస్తూరీతో రాశారు. ఆన్‌లైన్లో పైకి పెట్టిన అర్జీని నమ్ముకుని మాత్రం కూర్చోకండి. నాది "పరిష్కరించబడింది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను పుంతలోనే ఉన్నాను, గేదె వెనక.

చేపల పాట గడువు వచ్చే వేసవితో అయిపోతుంది. కొత్త షరతుల్లో పడమటి రేవు గేదెలకి వదలాలనీ, పాట సొమ్ములో కొంత పుంత కొలతకీ రాళ్లు పాతించడానికీ తీయాలనీ అర్జీ ఇచ్చాను. గేదెలున్న ఇళ్లవాళ్లం పదకొండుమంది సంతకాలు పెట్టాం. సెక్రటరీ తీసుకుని స్టాంపు వేసి, "ఈసారి షరతులు చదివేటప్పుడు మీరు ముందు వరసలో కూర్చోండి ఆంటీ" అంది. కూర్చుంటాను. ఆ కుర్రాడికి కూడా చెప్పాను, ఈసారి ధరావతు కట్టి రమ్మని.