చల్లటి సరస్సులో పాత ఓడ చూడాలంటే: వెట్‌సూటా, డ్రైసూటా?

పుదుచ్చేరిలోనో అండమాన్‌లోనో 3 మి.మీ. మందం సూటుతో స్కూబా (వీపున గాలి సిలిండరుతో నీటిలోకి దిగడం) నేర్చుకున్న నెల్లూరు, ఒంగోలు పిల్లలు చదువుకో ఉద్యోగానికో అమెరికా, కెనడా వెళ్లాక అక్కడి మహాసరస్సుల్లో మునిగిన ఓడలు చూడాలనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఆగస్టులో, 10 మీటర్ల లోపు, రోజుకు ఒక్క డైవ్ అయితే 7 మి.మీ. వెట్‌సూటు (నీళ్లు లోపలికి వచ్చే రబ్బరు సూటు) సరిపోతుంది. అంతకు మించితే నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూటే వేసుకోవాలి, అదీ ముందుగా నేర్చుకుని.

మన తీరంలో కొయ్య పడవ ఉప్పునీళ్లలో మునిగిపోతే చెక్కను తొలిచే పురుగు దాన్ని కొన్నేళ్లలో జల్లెడ చేసేస్తుంది. మంచినీళ్లలో ఆ పురుగు బతకదు. హ్యూరాన్ సరస్సులో, మిచిగన్ రాష్ట్రపు థండర్ బే దగ్గర, ఈ.బి. అలెన్ అనే తెరచాప ఓడ 1871లో ధాన్యం మోసుకుపోతూ ఇంకో ఓడ ఢీకొని మునిగింది. సుమారు 30 మీటర్ల లోతున ఇప్పటికీ ఓడ ఆకారం చెడకుండా ఉంది. కొయ్య ఇన్నేళ్లు నిలవడానికి ఆ చలి కూడా ఒక కారణం. మన ఒంటికి మాత్రం అదే శత్రువు.

వేసవిలో నిండు చెరువులో దిగినవాళ్లకు తెలుసు: ఛాతీ దగ్గర నులివెచ్చన, పాదాల దగ్గర చల్లన. అక్కడా అంతే, కాకపోతే తేడా చాలా ఎక్కువ. ఎండాకాలం చివర్లో పైనీళ్లు 18 నుంచి 20 డిగ్రీలుంటే, కొంత లోతుకు పోగానే గీత గీసినట్టు మారిపోయి కింద 4 నుంచి 6 డిగ్రీలే ఉంటాయి. మంచినీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు కాబట్టి ఆ నీళ్లు అడుగునే ఉండిపోతాయి. మైపాడు, కొత్తపట్నం సముద్రానికి అలవాటుపడ్డ ఒంటికి ఇది ఊహకందని చలి.

వెట్‌సూటు వెచ్చదనం దాని రబ్బరులోని గాలి బుడగలది. 10 మీటర్ల లోతున ఆ గాలి సగానికి, 30 మీటర్ల దగ్గర నాలుగో వంతుకు నొక్కుకుపోతుంది. అంటే చలి పెరిగే చోటే సూటు పలచబడుతుంది. బనీను మీద చొక్కాలా పొట్టకూ ఛాతీకీ రెండు పొరలు వచ్చే జత, 7 మి.మీ. తలతొడుగు, 5 మి.మీ. చేతితొడుగులు ఉంటే మొదటి డైవ్ ఫర్వాలేదు. అసలు చిక్కు రెండోదానితో. తడిసిన సూటుతో పడవ మీద గాలికి గంటసేపు కూర్చునేసరికి ఒంట్లోని వేడి అంతా పోతుంది. వేళ్లు మొద్దుబారితే బీసీడీ జాకెట్టు (గాలి నింపి, వదిలి తేలడాన్ని అదుపు చేసుకునేది) బొత్తాం కూడా చేతికి తెలియదు. పైకి వచ్చేటప్పుడు చలికి చర్మంలో రక్తప్రసరణ తగ్గి, లోతులో ఒంట్లో కలిసిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోతుంది, దాంతో అది బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బు ముప్పు పెరుగుతుంది. అయినా వెట్‌సూటును తీసిపారేయలేం. కెనడాలోని టోబర్మరీ రేవులో 1885లో మునిగిన స్వీప్‌స్టేక్స్ అనే ఓడ ఆరేడు మీటర్ల లోతులోనే ఉంది. దానికోసం డ్రైసూటు మోయడం అనవసరం.

డ్రైసూటులో నీళ్లు ఒంటిని తాకవు. వెచ్చదనం లోపల వేసుకున్న మందపాటి బట్టలది. కిందికి దిగేకొద్దీ సూటు ఒంటిని పిండేస్తుంది కాబట్టి ఛాతీ మీది వాల్వుతో కొంచెం కొంచెంగా గాలి నింపాలి, పైకి వచ్చేటప్పుడు ఎడమ భుజం మీది వాల్వుతో వదలాలి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. తల కిందికి వంచి ఓడ అంచు చూస్తుంటే గాలంతా కాళ్లలోకి చేరి, కాళ్లు ముందు పెట్టుకుని పైకి లాక్కుపోతుంది. వెంటనే మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని దొర్లి, నిటారుగా తిరిగి, ఎడమ చెయ్యి ఎత్తి గాలి వదలాలి. గాలి నింపే వాల్వు ఇరుక్కుపోతే ముందు దాని గొట్టం పీకేయాలి. ఈ రెండూ ఈతకొలనులో చేతికి అలవాటయ్యేదాకా ఓడ దగ్గరికి పోకూడదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట: కొబ్బరినూనె. మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఉండే లేటెక్స్ పట్టీలను నూనె తినేస్తుంది. ఆ రోజు తలకు నూనె వద్దు. ఉంగరాలు, గాజులు తీసేయాలి, వాసన లేని పౌడరు చల్లుకోవాలి. మెడపట్టీ కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. మణికట్టు నరాలు తేలి కనిపించేవాళ్లకు చెయ్యి మడిచినప్పుడల్లా కొద్దిగా కారడం మామూలే. ఓడల మీద పేరుకున్న ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి, అందుకే ఓడను పట్టుకుని నిలబడొద్దు.

నీళ్లలో మునగడానికి నడుముకు కట్టుకునే సీసం లెక్క కూడా మారుతుంది. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా రెండున్నర శాతం తేలిక. మనిషి, సామాను కలిపి 100 కిలోలైతే అదే సూటుకు సముద్రంలో కన్నా రెండున్నర కిలోల సీసం తగ్గించుకోవచ్చు. కానీ 3 మి.మీ. సూటు నుంచి మందపాటి సూటుకు మారితే, అది ఏ రకమైనా, మొత్తం మీద సీసం బాగా పెరుగుతుంది. సిలిండరులో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలవగలిగితే లెక్క సరిపోయినట్టు.

ఏ సూటు వేసుకున్నా రెగ్యులేటరు (సిలిండరు గాలిని ఊపిరికి తగ్గట్టు ఒత్తిడి తగ్గించి ఇచ్చేది) మాత్రం చలినీళ్లకు తగ్గది కావాలి, సిలిండరుకు బిగించే దాని మొదటి స్టేజి నీళ్లు చొరకుండా మూసి ఉండాలి. గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడి, లోపల మంచు కట్టి, వాల్వు తెరుచుకునే ఉండిపోతే సిలిండరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. నీళ్ల పైన ఉండగా దాంతో ఊపిరి పీల్చి చూడొద్దు. పీల్చే క్షణంలోనే సూటులోకీ బీసీడీలోకీ గాలి నింపొద్దు. లోతు ఓడకు రెండో సిలిండరు, దానికి వేరే రెగ్యులేటరు తప్పనిసరి.

కొనాలా, అద్దెకా? ఇండియాకు తిరిగి వచ్చేవాళ్లయితే అద్దెకే. కొన్ని డ్రైసూట్లకు బూట్లు అతికే ఉంటాయి కాబట్టి ఒళ్లొక్కటే కాదు, పాదం కొలత కూడా ముందే పంపాలి. మన దేశంలో ఆ సూటుకు పనే లేదు, పైగా రోళ్లు పగిలే రోహిణి కార్తె వేడికి లేటెక్స్ పాత సైకిలు ట్యూబులా జిగటపడి చిరిగిపోతుంది. కొనే తెచ్చుకుంటే పట్టీలకు పౌడరు రాసి, జిప్పు తెరిచి, మడతలు పడకుండా చుట్టి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, చీకటిగా ఉండే గదిలో పెట్టాలి. ఎండ తగిలే మిద్దె గది మాత్రం వద్దు.