జీబ్రా, క్వాగా, ఆసియా గుల్ల... వీటిలో ఏది కాస్త నయం?

యూరప్ నదుల్లో తిష్ట వేసిన బయటి గుల్లలు అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ వాటిలో వాటికే బోలెడు తేడా ఉంది.

జీబ్రా మస్సెల్, అంటే చారలుండే చిన్న గుల్ల, పాత కాపు. నల్ల సముద్రం, కాస్పియన్ వైపు నుంచి కాలువల్లో పడవల అడుగున అతుక్కుని వచ్చేసింది, 1824లోనే లండన్ రేవుల్లో కనబడింది. క్వాగా కూడా ఆ వైపుదే, కానీ పడమటి యూరప్‌లో మొదట దొరికింది 2006లో, నెదర్లాండ్స్‌లో. చూడ్డానికి రెండూ చారల చారలుగా ఒకలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే గుల్లని బల్ల మీద అడుగు ఆనేలా నిలబెట్టండి, జీబ్రా అయితే బుద్ధిగా కూర్చుంటుంది, క్వాగా అయితే పక్కకి ఒరిగిపోతుంది.

ఆ ఒరిగిపోయేదే అసలు మొండి ఘటం. జీబ్రాకి రాయో గోడో పైపో గట్టిగా ఏదో ఒకటి కావాలి, పైగా లోతు తక్కువున్న చోటే ఎక్కువ పెరుగుతుంది కాబట్టి చలికాలంలో బాతులు మునిగి మునిగి మేసేస్తాయి. క్వాగాకి బురదైనా చాలు, చల్లటి నీళ్ళలోనూ పిల్లల్ని పెడుతుంది, జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని కాన్‌స్టాన్స్ సరస్సులో 2016లో దొరికింది, ఇప్పుడు 200 మీటర్లు దాటిన లోతులో కూడా ఉంది, బాతు అంత లోతుకి ఎక్కడ పోతుంది చెప్పండి? ఆ సరస్సు నీళ్ళు దాదాపు 40 లక్షల మంది తాగుతారు, నీళ్ళు తోడేది 60 మీటర్ల లోతు నుంచి, ఇప్పుడు ఆ పైపుల్లోకీ దీని పిల్లలు దూరుతున్నాయి.

ఈ గుల్లలు నీళ్ళని వడగట్టి అందులోని సూక్ష్మజీవుల్ని తింటాయి కాబట్టి, నీళ్ళు తేటపడ్డాయిగా అని కొందరు సంబరపడతారు. తేటపడ్డాయంటే చేపల తిండి గుల్లల కడుపులోకి పోయిందని అర్థం.

ఇక ఆసియా గుల్ల, అదే కార్బిక్యులా, 1980 ప్రాంతంలో పోర్చుగల్, ఫ్రాన్స్‌లలో బయటపడింది. పెద్దయ్యాక ఇసుకలో కూరుకుని ఉంటుంది గానీ పైపులకి పొరలు పొరలుగా అతుక్కోదు, అదొక్కటే దీని మంచితనం. జత కూడా అక్కర్లేదు దీనికి, ఒక్కటి చేరితే చాలు సంతానం మొదలు. ఎండలు ముదిరితే మాత్రం తట్టుకోలేదు, 2003లో ఫ్రాన్స్‌లోని సోన్ నదిలో కుప్పలు కుప్పలుగా చచ్చింది, మరి చచ్చినవి కుళ్ళితే ఆ నీళ్ళ సంగతి వేరే చెప్పాలా.

నన్నడిగితే మూడింట్లో జీబ్రాయే నయం, కనీసం దాన్ని తినే బాతు ఉంది. కాకపోతే ఎంచుకునే ఛాన్స్ మనకెక్కడిది, క్వాగా అడుగుపెట్టిన చోట కొన్నేళ్ళలోనే జీబ్రా తగ్గిపోతోంది, పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే.